సూది గొంతులో ఉన్నంతసేపు

సిగ్‌సిగ్,
1993 జనవరి 18

తమ్ముడు లియోన్సియోకి అక్క డొమితీలా దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కోళ్ళూ. వానలు మొదలయ్యాయి. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది.

ఒక చిన్న విషయం. నా మెడలో కుడివైపు గడ్డ ఒకటి కనిపించింది. కపులీ పండంత. గోలీ అంత ఉంటుందేమో, నొప్పి లేదు. నేనైతే చూసుకోనే లేదు. ఆదివారం సంతలో టోపీలు కొనే దోన్యా ఎలోయీసా చూసింది. నేనల్లిన టోపీని వెలుగుకెత్తి పోగు పోగూ చూసే మనిషి, ఆ రోజు టోపీ పక్కన పడేసి నా మెడ చూసింది.

"డొమితీలా, ఒకసారి గుటక వెయ్యి" అంది. వేశాను.

"ఇంకోసారి." వేశాను.

"అది నీ గొంతుతోపాటే పైకీ కిందకీ పోతోందమ్మాయ్. ఇవాళే చూపించుకో" అంది. ఆ కంగారులో టోపీకి బేరమాడటం కూడా మరిచిపోయింది.

ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు, క్వెంకా పట్నంలోని ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ సన్నని సూదితో గడ్డలోంచి రవ్వంత లాగి, గాజుపలక మీద పులిమి, సూక్ష్మదర్శినిలో చూస్తారట. కోయరు, కుట్టరు. ఫిబ్రవరి మొదట్లో రమ్మన్నారు.

అమ్మ పోయాక నీకు తల దువ్వి బడికి పంపినదాన్ని నేను. ఇలాంటి మాట బస్సులో ఎవరి నోటో విని నువ్వు కంగారు పడకూడదని రాశాను. రావద్దు. నీ బస్సు నువ్వు నడుపుకో.

వేయించిన బార్లీ పిండి, జున్నుముద్ద పంపుతున్నాను. సగం ఫానీకి పెట్టు.

దేవుడు నీ చక్రాలను కాయుగాక.

డొమితీలా


గ్వాయాకిల్,
జనవరి 30

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం దిగలేదు. కపులీ పండంత అట! నీకు అన్నీ చిన్నవే. గాలివానకి మనింటి కప్పు లేచి పక్కవాళ్ళ పొలంలో పడిన ఏడాది నువ్వేం రాశావో గుర్తుందా? "కాస్త గాలి వీచింది" అని. అందుకే నువ్వు కపులీ అంటే నేను నారింజ అనుకుంటాను.

ఫానీకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మా ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, "గుచ్చనివ్వకండి! మా పెదనాన్నకి అలాగే గుచ్చారు, ఆ తర్వాత ఒళ్ళంతా పాకింది" అని ఏడుపు. ఇంట్లో అప్పుడే సంతాపం మొదలైపోయింది.

సోమవారాల్లో నా వెనక సీట్లో కూర్చుని క్వెంకా వెళ్ళే నర్సు ఒకావిడ ఉంది. ఆవిణ్ణి అడిగాను. "అన్నా, అది పాకించే సూది కాదు, ఏం జబ్బో చెప్పే సూది. మీ ఆవిడ పెదనాన్న సూది దాకా వచ్చేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది" అంది. టీకా సూది కన్నా సన్నమట. ఆ సూది మంచి గడ్డ అని చెబితే కత్తితో పనే ఉండదట. చెడ్డదంటే ఎంత కొయ్యాలో ముందే తెలుస్తుందట. కాబట్టి వెళ్ళు. ఫానీ మాట నేను చూసుకుంటాను.

ఒకటే షరతు. దోన్యా కార్మెలీనా గడప తొక్కకు. గినీపందితో ఒళ్ళంతా రుద్ది, దాని పొట్ట చీల్చి, "ఇదిగో నీ జబ్బు, ఇక్కడుంది" అని చూపించే మనిషి చేతికి నీ మెడ ఇవ్వకు.

క్వెంకా బస్టాండులో నాకు గంటసేపు కూడా దొరకదు, లేకపోతే నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఏం చెప్పారో ఆ రోజే రాయి. చిన్నది చెయ్యకుండా రాయి.

నీ లియోన్సియో


సిగ్‌సిగ్,
ఫిబ్రవరి 16

తమ్ముడికి, ప్రభువు శాంతి నీ ఇంట ఉండుగాక.

వెళ్ళాను. అయిపోయింది.

డాక్టర్ అరీసాగా అని చిన్నపిల్ల. చేతులు వెచ్చగా ఉన్నాయి. భుజాల కింద దిండు పెట్టి, నా తల వెనక్కి వాల్చింది. సూది గుచ్చి, లోపలే కాస్త ముందుకీ వెనక్కీ ఆడించి తీసేసింది. ముల్లు గుచ్చుకున్నంత నొప్పి కూడా లేదు. నేను చేతిలో జపమాల పట్టుకుని పడుకున్నాను. ఒక పది పూసలు అయ్యేలోపే, "లేవండి అమ్మా" అంది.

శుక్రవారం ఫలితం వచ్చింది. కాగితంలో ఉన్నది ఇది: రక్తం ఉంది, కణాలు లేవు. చెడ్డదేమీ దొరకలేదు. మళ్ళీ రమ్మని కూడా ఏదో రాశారు, అది అందరికీ రాసేదే అనుకుంటాను. మన ఫాదర్‌తో చెప్పి, ఆదివారం కృతజ్ఞతా పూజ పెట్టించాను. పూజలో నీ పేరు కూడా చదివించాను.

దోన్యా కార్మెలీనా గడప నేను తొక్కలేదు. ఆవిడే నా గడప తొక్కింది, గినీపందిని చంకలో పెట్టుకుని. "ఊరికే చేస్తానే, చిన్నప్పటి స్నేహం కదా" అంది. ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టి పొమ్మనలేకపోయాను. రుద్దింది. పొట్ట చీల్చి చూసి, "శుభ్రంగా ఉంది" అంది. కాగితమూ, గినీపందీ ఒకటే చెప్పాయి. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా దాచడం నాకు చేతకాదు.

ఫానీకి నా దీవెనలు. ఏడవవద్దని చెప్పు.

డొమితీలా


గ్వాయాకిల్,
ఫిబ్రవరి 25

అక్కా!

కూర్చుని చదువు. నిలబడి చదివితే నన్ను తిడతావు.

కణాలు లేవు అంటే జబ్బు లేదని కాదు! నీ కాగితం మాటలు నర్సమ్మకి చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. నేను స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ అదే పట్టుకునేవాణ్ణి. బావిలో బిందె వేశావు. ఖాళీగా పైకొచ్చింది. నీళ్ళు లేవంటావా, తాడు చాలలేదంటావా? వాళ్ళు చెప్పింది అదీ: మాకు చూడటానికి ఏమీ రాలేదు, మళ్ళీ తీయాలి అని. నువ్వేమో పూజ పెట్టించావు! నా పేరు కూడా చదివించావు! దేనికి కృతజ్ఞత చెప్పినట్టమ్మా నేను, ఖాళీ బిందెకా?

ఇక ఆ గినీపంది. కాగితమూ అదీ ఒకటే చెప్పాయని నువ్వు రాసిన వాక్యం చదివి, టిక్కెట్లు కోసే హెర్మోహెనెస్ నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. "మీ అక్క మంచి పని చేసింది మాస్టారూ, ఇద్దరు డాక్టర్ల మాట తీసుకుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ చిన్నపిల్ల డాక్టరుకి చెయ్యి తిరిగిందో లేదో నాకు అనుమానంగా ఉంది. మళ్ళీ వెళ్ళు. ఈసారి పెద్ద డాక్టర్ని అడుగు. అడగవు. నీ సంగతి నాకు తెలుసు. ఎవరు ఏం చేసినా "దేవుడు మీకు మేలు చేయుగాక" అని లేచి వచ్చేస్తావు.

లియోన్సియో


సిగ్‌సిగ్,
మార్చి 10

తమ్ముడికి,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. బావి మాట అర్థమైంది. సిగ్గుపడ్డాను.

సోమవారం మళ్ళీ వెళ్ళాను. అదే డాక్టరమ్మ. ఈసారి రెండు సూదులు వేసింది. వేసే ముందు, "అమ్మా, మాట్లాడకూడదు, గుటక వేయకూడదు, సూది లోపల ఉన్నంతసేపు రాయిలా ఉండాలి" అంది. అలాగే ఉన్నాను. మొదటి సూది తీసి, "గుటక వేస్తున్నారా?" అని అడిగింది. వేయలేదన్నాను. "మాట్లాడారా?" అంది. ఎవరితోనూ మాట్లాడలేదన్నాను. నా మూసిన పెదవుల వంక చూసి, రెండో సూది వేసింది. గాజుపలక ఎత్తి కిటికీ వైపు పట్టుకుంది. దోన్యా ఎలోయీసా టోపీని చూసినట్టే. ముఖం చిన్నబోయింది.

"మళ్ళీ రక్తమే వచ్చినట్టుందమ్మా. ఎందుకో సూది కింద గడ్డ నిలవడం లేదు" అంది.

ఆమె చెయ్యి బాగానే తిరిగింది. నేను చేతిపని దాన్ని, చెయ్యి చూస్తే తెలుస్తుంది. నా పక్క మంచం మీద మనిషికి ఒక్క సూదితో పని అయింది. నా గడ్డే మాట వినడం లేదు.

ఏప్రిల్ 6న మళ్ళీ రమ్మంది.

డొమితీలా


గ్వాయాకిల్,
ఏప్రిల్ 8

అక్కకి,

ఈ ఉత్తరం కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

నిన్న ఆసుపత్రికి ఫోన్ చేశాను. "మీ అక్కగారు ఆరో తారీఖున రాలేదు" అన్నారు. ఎందుకు రాలేదు? హోసెఫీనా దగ్గర కొండ విరిగి నదికి అడ్డం పడి, దారి మునిగిందని నాకూ తెలుసు, రోజూ ఆ దారుల్లో తిరిగేవాణ్ణి నేను. కానీ సాన్ బార్తొలొమె మీదుగా కొండదారి తెరిచే ఉంది. మీ ఊరి ఆడవాళ్ళు ఆ దారినే వచ్చి క్వెంకా బస్టాండులో టోపీలు అమ్ముకుంటున్నారు, నా కళ్ళతో చూశాను! టోపీలకి ఉన్న దారి నీ మెడకి లేదా?

ఒకావిణ్ణి అడిగితే ఏమందో తెలుసా? "డొమితీలాకి నయమైపోయిందిగా, పూజ కూడా పెట్టించింది, కార్మెలీనా చెయ్యి మంచిది" అంది. ఊరంతా నీకు నయం చేసేశారు! ఇక సూదితో నీకేం పని?

ఆ డాక్టరమ్మని ఫోన్‌కి పిలిపించి నాలుగు మాటలు అన్నాను. రెండుసార్లు గుచ్చి రక్తం తప్ప ఏమీ తీయలేనిదానివి, నా బస్సుకి గాలి కొట్టే పని ఇస్తే అదైనా చేస్తావా అన్నాను. అన్నాక బాధేసింది. అయినా అన్నాను.

ఇక సూదులు చాలు. గ్వాయాకిల్ వచ్చెయ్. ఇక్కడ పెద్ద ఆసుపత్రిలో ఏదో ఒకటని మొత్తం కోసి తీయిద్దాం. ఫానీ గది సర్దింది.

లియోన్సియో


సిగ్‌సిగ్,
ఏప్రిల్ 12, ఈస్టర్ మర్నాడు

లియోన్సియోకి,

క్రీస్తు లేచెను.

ఆరో తారీఖు తెల్లారే బయలుదేరాను. కొండదారిన పోయే లారీ ఒక్కటే ఉంది. అందులో చోటు దొరికింది. ఇళ్ళు మునిగిన వాళ్ళ బంధువులు, బియ్యం మూటలు, మనుషుల మీద మనుషులు. కదిలే ముందు నిండు గర్భిణి ఒకామె వచ్చింది. ఎవరూ లేవలేదు. నేను లేచాను. దోన్యా కార్మెలీనా మాట నమ్మి మానేయలేదు, ఆ గర్భిణికి చోటిచ్చి ఆగిపోయాను. నీకు రాసేలోపే నువ్వు రాసేశావు.

డాక్టరమ్మతో నువ్వన్న మాటలు చదివాను. నిన్ను నేను అలా పెంచలేదు. దారి తెరుచుకున్నాక నీ బదులు నేను క్షమాపణ అడగాల్సి ఉంటుంది. మెడ చూపించుకోవడానికి వెళ్తానో, నీ నోరు కడగడానికి వెళ్తానో తెలియకుండా ఉంది.

కోయించుకోను. మొండితనం కాదు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది: మంచి గడ్డ అయితే కోసే పనే లేదు, ఊరికే కోస్తే బతికున్నంత కాలం మాత్రలు, గొంతు పోయే భయం. చెడ్డదైతే సగం కోసి వదలకూడదు, పక్క గడ్డలతో సహా తీయాలి. ఏదో తెలియకుండా కత్తి పెడితే, టోపీలో ఏ పోగు తప్పిందో చూడకుండా నడినెత్తి నుంచి విప్పినట్టే.

శుక్రవారం సిలువ పాటల్లో నా గొంతు బొంగురుపోయింది. పై స్వరం అందలేదు. పక్కనున్న వాళ్ళు చలి అనుకున్నారు. నేనూ చలి అనే చెప్పాను. గడ్డ ఇప్పుడు కపులీ పండంత లేదు. నువ్వు అడిగావని చిన్నది చెయ్యకుండా రాస్తున్నాను.

పండగ పులుసు ఫనేస్కా వండాను. పన్నెండు రకాల గింజలూ వేశాను. ఒక్కదాన్నే తిన్నాను. మిగిలింది కార్మెలీనాకి పెట్టాను. అది కూడా నీకు చెప్పాలి కదా.

డొమితీలా


గ్వాయాకిల్,
ఏప్రిల్ 24

అక్కా,

నన్ను క్షమించు. గర్భిణి సంగతి చదివి ఫానీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. డాక్టరమ్మకి నేనే ఫోన్ చేస్తాను, నా నోరు నేనే కడుక్కుంటాను.

కానీ ఇప్పుడు రాస్తున్నది అందుకు కాదు. మంగళవారం జరిగింది చెబుతాను, జాగ్రత్తగా చదువు.

జూద్ ఊరు దాటాక వంపుల్లో పొగమంచు కమ్మింది. ముందున్న లారీ తోక కూడా కనిపించడం లేదు. అలాంటప్పుడు నేను అద్దంలోంచి ఓసారి జనాన్ని చూస్తాను, ఎవరైనా వాంతి చేసుకుంటారేమోనని. మూడో వరసలో ఒక పెద్దావిడ కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. పెదవులు బిగించుకుంది. కదలడం లేదు, బొమ్మలా ఉంది. కానీ మెడ మాత్రం కదులుతోంది. పైకీ కిందకీ, పైకీ కిందకీ, గింజలు మింగుతున్న పావురం మెడలా. మంచు విడిచాక కూడా కాసేపు కదిలి, సిలువ గుర్తు వేసుకుని ఆగింది.

నేను బస్సు పక్కకి తీసి ఆపేశాను. హెర్మోహెనెస్ "టైరు పోయిందా మాస్టారూ?" అని దిగాడు.

అక్కా, అది నువ్వు. చిన్నప్పుడు నువ్వు టోపీ అల్లుతుంటే నీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేవాణ్ణి. తడి గడ్డిపోగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, పెదవులు మూసుకుని జపం చేసేదానివి. చప్పుడు ఉండేది కాదు. నేను కింద నుంచి నీ మెడ చూస్తూ పడుకునేవాణ్ణి, అది ఆగితే జపం అయిపోయిందని, ఇక గంజి పెడతావని. నీ మెడ ఎప్పుడు ఆగుతుందో నాకన్నా ఎక్కువగా ఎదురుచూసినవాడు లోకంలో లేడు.

నిజం చెప్పు. సూది లోపల ఉన్నప్పుడు నువ్వు జపం చేస్తున్నావా?

లియోన్సియో


సిగ్‌సిగ్,
మే 3

తమ్ముడికి,

చేస్తున్నాను.

ఆమె మాట్లాడవద్దంది. నేను ఆ గదిలో ఎవరితోనూ మాట్లాడలేదు. గుటక వద్దంది. వేయలేదు. జపం మాట్లాడటం కింద వస్తుందని నాకు తోచనే లేదు. ఊపిరి తీయవద్దని ఆమె అనలేదు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అద్దం ముందు నిలబడి ఒక్క మరియమ్మ వందనం చెప్పుకున్నాను, ఎప్పటిలాగే నోరు మూసుకుని. నిజమే. గడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఆ పిల్ల కదిలే గడ్డ మీద సూది పెట్టి, తప్పు తన చేతిదేనని రెండుసార్లు ముఖం చిన్నబుచ్చుకుంది.

ఇప్పుడు నీ మీద నాకు కోపంగా ఉంది. ఎందుకో చెబుతాను.

వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను. జపం లేకుండా టోపీ అల్లాలని కూర్చున్నాను. వేళ్ళు ఆగిపోయాయి. అంచు వంకరపోయింది, విప్పేశాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ విప్పాను. దోన్యా ఎలోయీసా వచ్చి, "ఏమైందే నీకు, కొత్తగా నేర్చుకునే దానిలా అల్లావు?" అంది. నువ్వు ఆ పావురం మాట రాయకముందు నాకు మెడ ఉందనే ధ్యాస లేదు. ఇప్పుడు గుడిలో కూడా చెయ్యి మెడ మీదికే పోతోంది.

ఇంకొకటి. నాకు భయం లేదని నువ్వనుకుంటావు. అందరూ అనుకుంటారు. జపం ఆపి కూర్చుంటే తెలిసింది, అది ఉన్నంతసేపే భయం లేదు. మెడలో సూది పెట్టుకుని, నోరూ మనసూ ఖాళీగా, ఆ తెల్ల కప్పు చూస్తూ పడుకోమంటున్నావు. అది నావల్ల కాదు. రాయిలా ఉండమంది ఆమె. రాయికి భయం ఉండదు.

శనివారం కొండ విరిగిన చోట నదికి దారి తవ్వి నీళ్ళు వదిలారు. కింద ఊళ్ళ వాళ్ళ కోసం ప్రార్థించాను, గొంతుతోనే. ఇంకెలా చెయ్యాలో నాకు రాదు.

మే 25కి తారీఖు ఇచ్చారు. వెళ్ళాలని లేదు.

డొమితీలా


గ్వాయాకిల్,
మే 13

అక్కా,

నువ్వు వెళ్ళడం కాదు, మనం వెళ్తున్నాం. సెలవు పెట్టేశాను.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మొదట క్షమాపణ, తర్వాత సంగతి. అవతల గరగరమంది. లైను కట్ అయిందనుకున్నాను. ఆవిడ నవ్వుతోంది. "మూడు నెలలుగా నా చేతుల్ని నేనే అనుమానించుకుంటున్నానండీ. మీ అక్కగారి గొంతు దేవుడితో మాట్లాడుతోందని నాకేం తెలుసు?" అంది. తర్వాత, "ఆమె మానలేకపోతే ఎలా మరి?" అని ఆవిడే అడిగింది. నేను ఏమన్నానో చెబితే నువ్వు నమ్మవు.

నీ బదులు జపం నేను చెబుతాను. పైకి, గట్టిగా, నీకు వినపడేలా. నువ్వు వింటూ పడుకో. కాళ్ళ దగ్గర నిలబడితే తనకేం అడ్డం లేదంది డాక్టరమ్మ.

నవ్వకు. నేను చివరిసారి ప్రార్థన చెప్పింది నా పెళ్ళిలో, అదీ ఫాదర్ అన్నది వెనక వెనక అంటూ. ఫానీ రోజూ అప్పజెప్పించుకుంటోంది. "మీకన్నా మన చిలక నయం" అంటోంది. మాకు చిలకే లేదు.

25న ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను.

లియోన్సియో


సిగ్‌సిగ్,
జూన్ 9

నా తమ్ముడు లియోన్సియోకి,

ఆ రోజు సూది తీయగానే నువ్వు ముఖం తుడుచుకుంటూ బయటికి పోయావు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయావు. నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

నేనల్లిన టోపీ రెండు చేతులతో పట్టుకుని కాళ్ళ దగ్గర నిలబడ్డావు. డాక్టరమ్మ "ఊఁ, మొదలుపెట్టండి" అంది. బస్టాండులో జనాన్ని పిలిచే గొంతుతో మొదలుపెట్టావు. నర్సు ఉలిక్కిపడింది. సూది లోపలికి దిగింది. మరియమ్మ వందనం మొదటి సగం బాగానే చెప్పావు. రెండో సగంలో, ఇప్పుడును అన్న మాట దాకా వచ్చి ఆగిపోయావు. తర్వాత వచ్చే మాట నాకు తెలుసు. మా మరణ సమయమందును. నా మెడలో సూది చూస్తూ ఆ మాట నీ నోట రాలేదు.

ఆ మాట నా గొంతులోకి వచ్చేసింది, లియోన్సియో. నాలుక కదలబోయింది. ఇంకొక్క క్షణం అయితే నేనే పూర్తి చేసి ఉండేదాన్ని.

అప్పుడు నువ్వు, అదే గొంతుతో, అదే రాగంలో, "డురాన్!" అన్నావు. "ఎల్ త్రియుంఫో! లా త్రొంకాల్! కొచన్‌కాయ్!"

నాకు నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెంటికీ మెడ కదలాలి. కాబట్టి రెండూ చేయలేదు. నువ్వు నీ బస్సు దారిలోని ఒక్కొక్క ఊరి పేరు పిలుస్తుంటే, పునీతుల స్తుతిమాలలో అన్నట్టే, ప్రతి ఊరికీ "మా కొరకు వేడుకొనండి" అనుకున్నాను. నాలుకతో కాదు. నాలుక లేకుండా కూడా అనుకోవచ్చని ఈ వయసులో తెలిసింది. జూద్. మా కొరకు వేడుకొనండి. కన్యార్. మా కొరకు వేడుకొనండి. బిబ్లియాన్. అసోగేస్. నువ్వు "క్వెంకా, చివరి స్టాపు, అందరూ దిగండి" అన్నప్పుడు డాక్టరమ్మ ఆ రోజు వేసిన మూడో సూది కూడా తీసేసింది.

నువ్వు బయటికి వెళ్ళాక ఆమె గాజుపలక వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఈసారి ముఖం చిన్నబోలేదు. "ఆ చివర చదివిన పునీతులెవరమ్మా, నేనెప్పుడూ వినలేదు?" అని అడిగింది. మా తమ్ముడి దారిలో వాళ్ళని చెప్పాను.

నిన్న ఫలితం తీసుకున్నాను. ఈసారి కణాలు నిండుగా ఉన్నాయి. చెడ్డదే. క్యాన్సర్ అన్న మాట డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నెమ్మదిగా నడిచే రకమట. మొత్తం తీసేయాలి, పక్క గడ్డలు కూడా. అలా తీస్తే తనకి మంచి నమ్మకం ఉందంది. "ఫిబ్రవరిలోనే ఈ మాట చెప్పాల్సినదాన్ని" అని ఆమె నొచ్చుకుంటే, నా గొంతుని క్షమించమన్నాను. ఏదో తెలియకుండా గడిపిన ఈ నెలల కన్నా నిన్నటి రోజే తేలిగ్గా గడిచింది. ఇంటికొచ్చి టోపీ అల్లాను. అంచు తిన్నగా వచ్చింది.

కార్మెలీనా వచ్చి కూర్చుంది. చెప్పాను. నా మెడ మీద చెయ్యి వేసి గడ్డ తడిమింది. తర్వాత, "నా గినీపంది అబద్ధం చెప్పిందే" అని ఏడ్చింది. నీ కోళ్ళని నేను చూస్తాలే అంది. ఆమె మీద కోపం పెట్టుకోకు.

జూలై 6న ఆపరేషన్. నన్ను నిద్రపుచ్చుతారట. అంతసేపు నేను ఏమీ అనలేను, నాలుకతోనూ, అది లేకుండానూ. గది బయట బెంచీ ఉంది, నువ్వు అక్కడ కూర్చో. ఆ మాట దగ్గర నోరు ఆగిపోతే ఆగనీ, నీ ఊళ్ళే పిలువు.

కానీ జూద్‌కీ కన్యార్‌కీ మధ్య ఎల్ తాంబో వదిలేసి వెళ్ళిపోయావు. ఈసారి అక్కడ కూడా ఆపు.

డొమితీలా